పరీక్షకునికి పరీక్ష

బ్రిటను దేశమున ఏ కార్యాలయమునకు గాని, ఏ పాఠశాలకు గాని వెళ్ళి, అచ్చటి టీ గదిలోని విద్యుత్ కెటిలు ప్లగ్గును తిప్పి చూచినచో దానిమీద తరచుగా చిన్న పచ్చచీటీ యొకటి కనబడును. చీటీమీద ఒక తేది, ఒక వరుస సంఖ్య, పరీక్షించిన వాని పొడి అక్షరములు, 'పరీక్షలో నెగ్గినది' అను మాట ఉండును. అంతకు మించి ఏమియు ఉండదు. ఏ పరీక్షలో నెగ్గినది? ఎన్ని మార్కులతో నెగ్గినది? పరీక్ష పెట్టిన వాని యోగ్యత యేమి? విద్యార్థి యెవడైన ఇట్టి ప్రోగ్రెసు కార్డును ఇంటికి తెచ్చినచో తండ్రి సంతకము పెట్టుటకు సందేహించును గదా! కాని వేలకొలది వ్యాపారస్థులు ఈ చీటీని చూచి తృప్తిపడి, బిల్లు చెల్లించి ఊరకుందురు.

ఎక్కడికైనను తీసికొనిపోయి ప్లగ్గులో పెట్టుకొను విద్యుత్ పరికరములను వాడుకలో నుండగా పరీక్షించుటకు ఆ దేశములో 'పోర్టబుల్ అప్లయన్స్ టెస్టింగు' అని పేరు. క్లుప్తముగా 'పాట్' అందురు. ఇదియే వృత్తిగా గల సంస్థలు అచ్చట అనేకము కలవు. వానిలో నమ్మదగినదానిని ఎన్నుకొనుట యెట్లు అను విషయముపై సలహాలకు కూడ కొదువ లేదు. ఆ సలహాలను, ఆ విషయమై వెలువడిన ప్రామాణిక గ్రంథములను కొంచెము విమర్శదృష్టితో చూచుట ఈ వ్యాసము పని. భౌతికశాస్త్రము బోధించువారికి, చదువుకొనువారికి ఇందు ఆసక్తికరమైన విషయము లేకపోలేదు. ఓము నియమము తెలిసిన పదవ తరగతి విద్యార్థి ఈ పరీక్షకులలో కొందరిని నిలదీసి ప్రశ్నింపగలడు.

మొదట చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1989వ సంవత్సరపు 'పనిచోట్ల విద్యుత్తు' నిబంధనలు 1990 ఏప్రిల్ 1వ తేదీ నుండి బ్రిటనులో అమలులోనికి వచ్చినవి. అపాయము కలుగకుండ విద్యుత్ వ్యవస్థలను మంచి స్థితిలో ఉంచవలెనని అవి శాసించుచున్నవి. పని చేయువానికి తగిన జ్ఞానము గాని అనుభవము గాని ఉండవలెనని కూడ చెప్పుచున్నవి. కాని అందు 'పాట్' అను మాట లేదు. ఏటేట పరీక్ష చేయింపవలెనను నియమము లేదు. చీటీ అతికింపవలెనను నియమమును లేదు. చట్టము ఫలితమును కోరినది గాని పద్ధతిని విధింపలేదు.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. పద్ధతిని విధింపని చట్టము వివేకవంతునికి స్వేచ్ఛ, భయస్థునికి దిగులు. 'సంవత్సరమునకొకసారి అన్నిటిని పరీక్షింపజేయనిచో మీరు చట్టమును ఉల్లంఘించినట్లే' అని అమ్మకందారు చెప్పగా, కాదని చెప్పు ధైర్యము చిన్న దుకాణదారునికి ఎక్కడిది? ఇట్లు చట్టములో లేని నియమము ఆచారములో పాతుకొన్నది. బల్లమీద కదలక పడియుండు కంప్యూటరును, రోజంతయు నేలమీద ఈడ్వబడు చీపురు యంత్రమును ఒకే కొలతతో కొలిచిరి. 2011 నవంబరులో లండను కింగ్స్ కాలేజి ఆచార్యుడు రాగ్నర్ లోఫ్‌స్టెట్ ఆ దేశపు భద్రతా చట్టములను సమీక్షించుచు ప్రభుత్వమునకు ఒక నివేదిక సమర్పించెను. ఈ పరీక్షల విషయములో చట్టము నిజముగా కోరునదేమో స్పష్టపరుపవలెనని, అవసరమునకు మించిన పరీక్షలు జరుగకుండ చూడవలెనని అందు సూచించెను. దరిమిలా హెచ్.ఎస్.ఇ. అను పేర ప్రసిద్ధమైన ప్రభుత్వ భద్రతా సంస్థ తన మార్గదర్శక పుస్తకములను సవరించినది.

అందులో అపాయము తక్కువగా నుండు కార్యాలయములకు, దుకాణములకు ఉద్దేశింపబడిన చిన్న కరపత్రము మెచ్చదగినది. వెల లేకుండ దొరకును. కొలది పుటలలో ముగియును. అది పరిశీలనను మూడు మెట్లుగా విభజించినది: వాడువాడే చేతిలోనికి తీసికొన్నప్పుడు చూచుట మొదటిది, కొంత నేర్పు గలవాడు పద్ధతి ప్రకారము కంటితో పరిశీలించుట రెండవది, మీటరుతో కొలుచుట మూడవది. దోషములలో అధికభాగము కంటికి కనబడునవే అనియు, కొన్ని మాత్రమే మీటరునకు చిక్కుననియు హెచ్.ఎస్.ఇ. చెప్పుచున్నది. కెటిలు, ఇస్త్రీపెట్టె వంటి ఎర్తు అవసరమైన వస్తువులకు ఆరు నెలలకో ఏడాదికో కంటి పరిశీలన, ఒకటి రెండు సంవత్సరములకు మీటరు పరీక్ష సూచించినది. రెండు పొరల ఇన్సులేషన్ గల బల్లదీపము, పంకా వంటివానికి రెండు మొదలు నాలుగు సంవత్సరములకొక కంటి పరిశీలన చాలునని, మీటరు పరీక్ష అనవసరమని చెప్పినది. కొత్తగా కొన్న వస్తువునకు పరీక్ష అక్కరలేదు. దెబ్బ తిన్నదా యని చూచుకొన్న చాలును. పరీక్షించువాడు ఎలక్ట్రీషియనే కానక్కరలేదు. చేయు పనికి తగిన తెలివి, శిక్షణ ఉండవలెను.

మెచ్చుకొన్న పిమ్మట తప్పు పట్టవలసినది కూడ చెప్పవలెను. ఈ కరపత్రము వ్యాపారస్థుని అనవసర వ్యయము నుండి కాపాడినది గాని, అవసరమైన వ్యయమును ఎవనిచేతిలో పెట్టవలెనో చెప్పుటకు చాలినంత చోటు ఇవ్వలేదు. 'తగిన యోగ్యత గలవాడు' అను మాటతో సరిపెట్టినది. యోగ్యతను గుర్తించుటకు కొంత శాస్త్రము తెలియవలెను. ఆ శాస్త్రము కరపత్రములో దాదాపు లేదు. ఏ వస్తువునకు మీటరు కావలెనో చెప్పినది గాని మీటరు ఏమి చూడగలదు, ఏమి చూడలేదు అను సంగతి విప్పలేదు. అది తెలిసినగాని పరీక్షకుని విలువ కట్టుట సాధ్యము గాదు.

ఇస్త్రీపెట్టెను ఉదాహరణగా తీసికొందము. దాని అడుగు పలక లోహము. లోపల వేడెక్కు తీగ కలదు. ఆ తీగకు పలకకు నడుమ నున్న ఇన్సులేషన్ చెడినచో పలకకు 230 వోల్టులు అందును. తాకినవాని దేహ నిరోధము రెండువేల ఓములనుకొన్నను, ఓము నియమము ప్రకారము వాని దేహము గుండ సుమారు 115 మిల్లీఆంపియర్లు ప్రవహించును. ప్రాణరక్షణకై ఇండ్లలో అమర్చు లీకేజీ స్విచ్చులు 30 మిల్లీఆంపియర్లకే తెగిపోవునట్లు నిర్మింతురనిన, 115 అనగా నేమో ఊహించుకొనవచ్చును. ఈ అపాయమును తప్పించునది ఎర్తు తీగ. అది లోహపు పలకను భూమితో కలిపియుంచుటచే, దోషము కలిగిన క్షణముననే అధిక ప్రవాహము దానిగుండ పారి ఫ్యూజును కరగించును.

కనుక మీటరుతో చేయు మొదటి పరీక్ష ఎర్తు తీగ తెగకుండ ఉన్నదా యని చూచుట. ప్లగ్గులోని ఎర్తు కాలు మొదలు పలకవరకు నిరోధము కొలుతురు. బ్రిటనులో విద్యుదింజనీర్ల సంస్థ (నేటి పేరు ఐ.ఇ.టి.) ప్రచురించిన ఆచరణ నియమావళి ప్రకారము ఆ నిరోధము 0.1 ఓముకు తీగ నిరోధమును కూడగా వచ్చిన దానికి మించరాదు. రెండవది ఇన్సులేషన్ పరీక్ష. 500 వోల్టుల ఏకముఖ పీడనము పెట్టి, కరెంటు తీగలకు ఎర్తుకు నడుమ నిరోధము కొలుతురు. ఎర్తు గల సామాన్య వస్తువులకు అది ఒక మెగోముకు తక్కువ కారాదు. 500ను పదిలక్షలతో భాగించిన అర మిల్లీఆంపియరు వచ్చును. అంతకంటె ఎక్కువ కారరాదని అర్థము.

లెక్క బాగున్నది. మోసము ఎక్కడ జరుగును? ఇస్త్రీపెట్టె తీగ నిత్యము వంగి వంగి పెట్టెలోనికి దూరు చోట తెగుచుండును. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.2 మిల్లీమీటరు వ్యాసము గల రాగి పోగులు 24 ఉండుననుకొనుడు. అట్టి తీగ నిరోధము మీటరుకు సుమారు 0.026 ఓము. రెండు మీటర్లకు 0.052. నియమావళి ప్రకారము అంగీకరింపదగిన హద్దు 0.152. ఇప్పుడు మెడ దగ్గర ఒక సెంటీమీటరు మేర 23 పోగులు తెగిపోయి ఒక్క పోగు మాత్రము మిగిలినదనుకొనుడు. ఆ ఒక్క పోగు సెంటీమీటరు నిరోధము ఎంత? రాగి విశిష్ట నిరోధమును బట్టి లెక్క కట్టిన 0.0055 ఓము మాత్రమే వచ్చును. అనగా మొత్తము 0.052 నుండి సుమారు 0.057కు పెరిగినది. హద్దుకు ఎంతో దిగువన ఉన్నది! మీటరు 'నెగ్గినది' అనును. పచ్చచీటీ పడును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా వేసి చూడవలెను. ఇరువదినాలుగింట ఇరువదిమూడు వంతులు చచ్చిన తీగ నూటికి నూరుపాళ్ళు బ్రతికియున్నట్లు కనబడుట వారికి వింతగా ఉండకపోదు.

దోషము కలిగిననాడు ఈ తీగ గతి యేమి? వలయమంతటి నిరోధము ఒక ఓము అనుకొన్నను 230 ఆంపియర్ల ప్రవాహము పారవలెను. 0.2 మిల్లీమీటరు రాగి పోగు ఏకధాటిగా సుమారు ఏడు ఆంపియర్లు పారిననే కరగిపోవును. ఇస్త్రీపెట్టె ప్లగ్గులోని ఫ్యూజు 13 ఆంపియర్లది. ఫ్యూజు ముందు కరగునా, పోగు ముందు కరగునా యను పందెములో పోగే ఓడును. పోగు కరగిన మరుక్షణమున ఎర్తు లేదు, ఫ్యూజు చెక్కుచెదరలేదు, పలకలో 230 వోల్టులు అట్లే ఉన్నవి.

కాబట్టి మంచి పరీక్షకుడు కొలత తీయునప్పుడు తీగను రెండు కొసల దగ్గర అటునిటు వంచును. పోగులు తెగియుండి, మిగిలినవి కూడ వదులైనచో మీటరు సంఖ్య నిలకడగా నుండక ఎగిరిపడును. ఇరువదియైదు ఆంపియర్ల వరకు ప్రవాహము పంపగల పెద్ద మీటర్లు కలవు. అవి అట్టి బలహీనపు పోగును పరీక్షలోనే కాల్చివేసి దోషమును బయటపెట్టవచ్చును. చేతిలో ఇముడు చిన్న మీటర్లు ఒక ఆంపియరులో ఐదవ వంతు మాత్రమే పంపును. నియమావళి రెండింటిని అంగీకరించుచున్నది. చిన్నది వాడుట తప్పు గాదు. వాడి, తీగను వంచకపోవుట తప్పు.

ఇన్సులేషన్ పరీక్షకు కూడ ఇట్టి లోపమే కలదు. వస్తువు స్విచ్చి మూసి (అనగా వెలుగు స్థితిలో) ఉంచి పరీక్షింపవలెను. లేనిచో స్విచ్చివరకే పరీక్ష జరిగి, లోపలి భాగమంతయు చూడకుండ మిగిలిపోవును. నేటి వస్తువులు చాలవానిలో స్విచ్చి ఎలక్ట్రానికు పద్ధతిలో పనిచేయును. ప్లగ్గు నుండి కరెంటు రానిదే అది మూసుకొనదు. వాని విషయములో ఈ పరీక్ష పేరుకు మాత్రమే. తెలిసినవాడు అట్టివానికి కరెంటు ఇచ్చి, ఎర్తులోనికి కారు ప్రవాహమును వేరే పద్ధతిలో కొలుచును. తెలియనివాడు బొత్తాము నొక్కి, అనంతమైన నిరోధము చూచి మురిసిపోవును.

ఇక మీటరు ఎన్నటికి చూడజాలనిది ఒకటి కలదు. సన్నని తీగతో నున్న బల్లదీపము ప్లగ్గులో 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలసినచోట ఎవరో 13 ఆంపియర్లది పెట్టిరి. దీపము వెలుగును. కొలతలన్నియు నెగ్గును. తీగలో రాపిడి కలిగిననాడు ఫ్యూజుకంటె ముందు తీగ మండును. దీనిని పట్టుకొనుటకు మీటరు కాదు, ప్లగ్గు తెరచి చూచు ఓపిక కావలెను.

పరీక్షకుని ఎన్నుకొనుటకు ప్రకటనలలోను వ్యాపార సలహాలలోను తరచు చెప్పు గుర్తులను ఇప్పుడు పరిశీలింతము. సర్టిఫికెట్టు చూడుడు, భీమా చూడుడు, మీటరు సరిచూచిన పత్రము చూడుడు, సంఘ సభ్యత్వము చూడుడు, ధర పోల్చి చూడుడు అని చెప్పుదురు. వీనిలో ఏదియు అబద్ధము గాదు. కాని ఏదియు పైన చెప్పిన ఒక్క పోగును పట్టుకొనదు.

బ్రిటనులో ఈ వృత్తికి ప్రభుత్వ లైసెన్సు లేదు. సిటీ అండ్ గిల్డ్స్ అను సంస్థ వారి 2377 సంఖ్య గల పరీక్ష ప్యాసయినవారు ఎక్కువ. దానికి శిక్షణ సాధారణముగా ఒకటి రెండు దినములది. అది ఉన్నవాడు నియమావళిని ఒకసారి తిరుగవేసినాడని నమ్మవచ్చును, అంతకుమించి నమ్మరాదు. భీమా యనునది ప్రమాదము జరిగిన పిదప డబ్బు ఇచ్చునది. ప్రమాదమును ఆపునది గాదు. దానిని భద్రతకు సాక్ష్యముగా చూపుట, వానలో గొడుగు మరచి వచ్చినవాడు జ్వరపు మాత్ర చూపినట్లుండును. సంఘముల ముద్రల మాట చెప్పనక్కరలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనువారు అన్ని దేశములలోను ఉన్నారు. ముద్రను కాగితముమీద చూచి ఊరుకొనక, ఆ సంఘమువారి జాబితాలో ఆ పేరున్నదా యని సంఘమునే అడుగవలెను. ఒక్క మీటరు సరిచూచిన పత్రము మాత్రము తప్పక చూడదగినది. సాధారణముగా ఏడాదికొకమారు సరిచూతురు. కాని సరిచూచిన మరునాడు మీటరు క్రిందపడవచ్చును గదా? జాగ్రత్తపరుడు తెలిసిన నిరోధములు గల ఒక చిన్న పెట్టె దగ్గర నుంచుకొని, నడుమ నడుమ తన మీటరును దానితో పోల్చుకొని, ఆ సంఖ్యలను వ్రాసిపెట్టుకొనును. ఆ పుస్తకము చూపుమని అడిగిన చాలును. మనిషి యెట్టివాడో తెలిసిపోవును.

ధర సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయనగా రోగము మొదలు అక్కడనే ఉన్నది. ఈ పనికి సాధారణముగా వస్తువుకింత యని వెల కట్టుదురు. ఒక్కొక్క దానికి ఒక పౌనుకు లోపుననే చేసెదమను ప్రకటనలు కూడ కలవు. ఇట్లు లెక్కించునప్పుడు పరీక్షకునికి రెండు ఆశలు పుట్టును: వస్తువుల సంఖ్య పెంచుట ఒకటి, ఒక్కొక్క దానిపై కాలము తగ్గించుట రెండవది. మొదటి దానివలన పరీక్ష అక్కరలేని బల్లదీపములు, కొత్త వస్తువులు కూడ జాబితాకెక్కును. వేరుచేయదగిన తీగలను వేరే వస్తువులుగా లెక్కించుట కూడ కలదు. అది నియమావళికి విరుద్ధము గాదు, కాని బిల్లు పెరుగునని ముందుగా చెప్పుట మర్యాద. రెండవ ఆశ ఇంకను అపాయకరము. ఒకడు ఎనిమిది గంటల దినములో నాలుగువందల వస్తువులను పరీక్షించితినని వ్రాసినాడనుకొనుడు. 480 నిముషములను 400తో భాగించిన ఒక్కొక్క దానికి 72 సెకనులు వచ్చును. ఆ 72 సెకనులలో అతడు వస్తువును వెదకి, వాడువారిని అడిగి ఆపించి, ప్లగ్గు తీసి, తెరచి, ఫ్యూజు చూచి, తీగను కొస నుండి కొసకు తడవి, రెండు కొలతలు తీసి, చీటీ వ్రాసి అతికింపవలెను. భోజన విరామము కూడ ఇందులోనే. అమ్మ పెట్టు అన్నమైన ఇంత వేగముగా దిగదు!

ఈ వేగమునకు ఫలితము నివేదికలో కనబడును. ఇందు ఉపాధ్యాయులకు గల అనుభవము మరెవరికిని లేదు. ప్రయోగశాల రికార్డు పుస్తకములు దిద్దినవారికి, ప్రయోగము చేసి వ్రాసిన సంఖ్యలెట్లుండునో, ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసినవెట్లుండునో చెప్పనక్కరలేదు. నిజముగా కొలిచిన సంఖ్యలు చెదరియుండును. అరువది తీగలను కొలిచినచో పొడుగు తీగకు ఎక్కువ, పొట్టి తీగకు తక్కువ, ప్లగ్గు కాలికి మురికి పట్టినచోట మరికొంత ఎక్కువ – ఇట్లు వచ్చును. అరువదింటికిని 0.05 అని వ్రాసియున్నచో, లేక ఐదు మీటర్ల తీగకును ఒక మీటరు తీగకును ఒకే నిరోధము వ్రాసియున్నచో, ఆ మీటరు సంచిలోనుండి బయటికి వచ్చినదో లేదో అనుమానింపవలెను. పొడుగు పెరిగిన నిరోధము పెరుగును. ఈ ఒక్క సూత్రము తెలిసినవాడు నివేదిక పట్టుకొని పరీక్షకుని ఎదుట కూర్చుండవచ్చును.

అందుచే సంఖ్యలు లేని నివేదికను ఒప్పుకొనరాదని నా అభిప్రాయము. 'నెగ్గినది, నెగ్గినది, నెగ్గినది' అని వరుసగా వ్రాసిన కాగితము కేవలము పచ్చచీటీల జాబితా. సంఖ్యలున్నచో వచ్చు ఏడాది కొలతతో పోల్చవచ్చును. ఒకే ఇస్త్రీపెట్టెకు మొన్న 0.06, నిన్న 0.09, నేడు 0.13 వచ్చినచో, మూడుమార్లు నెగ్గినను ఆ తీగ చెడుచున్నదని తెలియును. చీటీ ఈ కథ చెప్పదు.

ఓడిన వస్తువుల మాట కూడ అడుగవలెను. చక్కగా ఉంచుకొన్న చిన్న కార్యాలయములో ఒక్కటియు ఓడకపోవచ్చును. అది సంతోషింపవలసిన విషయమే. కాని పెద్ద వంటశాలలో, కార్ఖానాలో ఏళ్ళ తరబడి ఒక్కటియు ఓడలేదనిన ఆశ్చర్యపడవలెను. దీనికి విరుద్ధముగా, ఓడినవి అసంఖ్యాకములై, ఓడినవానిని బాగుచేయుట, కొత్తవి అమ్ముట కూడ ఆ పరీక్షకుని వ్యాపారమేయైనచో, అప్పుడును ఆశ్చర్యపడవలెను. ఓడినదాని దోషమును చేతికిచ్చి చూపుమని అడిగినచో నిజమైనవాడు సంతోషముగా చూపును. ఇన్సులేషన్ చిట్లిన తీగ కంటికి కనబడునదే గదా.

ఐ.ఇ.టి. వారి నియమావళి గూర్చి ఒక మాట. 1994లో మొదటి ముద్రణము వెలువడినది. వెనుకటి ముద్రణములలో ఏ వస్తువును ఎన్ని నెలలకు పరీక్షింపవలెనో సూచించు పట్టిక యుండెడిది. దానిని సూచనగా గాక శాసనముగా చదువుట అలవాటై, పట్టిక చూపి ధర చెప్పువారు బయలుదేరిరి. 2020లో వచ్చిన అయిదవ ముద్రణమునుండి ఆ పట్టికను తొలగించి, వస్తువు ఎక్కడ, ఎవరిచేత, ఎట్లు వాడబడుచున్నదో చూచి అపాయమును అంచనా వేసి కాలమును నిర్ణయించుకొనుడని చెప్పిరి. సూత్రముగా ఇది మెచ్చదగినది. ఒకే కెటిలు ఇద్దరు గుమాస్తాల గదిలో ఒక జీవితము, నూరుమంది కూలీల డేరాలో మరియొక జీవితము గడుపును. కాని పట్టిక పోయినందున చిన్న వ్యాపారస్థుడు మునుపటికంటె ఎక్కువగా పరీక్షకుని తీర్పుపై ఆధారపడవలసి వచ్చినది. ఎన్ని వస్తువులకు పరీక్ష కావలెనో నిర్ణయించువాడును, వస్తువుకింత యని డబ్బు తీసికొనువాడును ఒకడే యైనప్పుడు, తీర్పు ఎటు మొగ్గునో చెప్పుటకు జ్యోతిషము అక్కరలేదు. గ్రంథకర్తలు ఈ చిక్కును ఎదుర్కొనవలసినంతగా ఎదుర్కొనలేదని నాకు తోచుచున్నది. హెచ్.ఎస్.ఇ. కరపత్రములోని పట్టిక ఇంకను ఉన్నందున, దానిని ముందుగా చదివి, 'వీనిలో వేనిని మీరు పరీక్షింపరు? ఎందుచేత?' అని అడుగుట మంచి ఉపాయము. 'అన్నిటిని పరీక్షింతుము' అను జవాబు వచ్చినచో మరియొకనిని వెదకుకొనవచ్చును. ఈ బల్లదీపములకు అక్కరలేదు, ఆ వంటగది వస్తువులను మాత్రము ఆరు నెలలకే చూడవలెను అని చెప్పినవాడు తన బిల్లును తానే తగ్గించుకొన్నాడు. వాని మాటకు విలువ నీయవలెను.

ఇదంతయు బ్రిటను సంగతి గదా, మనకేమి పని యని అడుగవచ్చును. మన పాఠశాలలలో, దుకాణములలో ఇట్టి పరీక్ష ఆచారములో లేదు. మనము నమ్ముకొన్నది ఐ.ఎస్.ఐ. గుర్తును. 2003 నాటి కేంద్రప్రభుత్వపు నాణ్యతా ఉత్తర్వు ఇస్త్రీపెట్టెలు, నీటి హీటర్లు మున్నగు విద్యుత్ వస్తువులకు ఆ గుర్తును తప్పనిసరి చేసినది. అది మంచిదే. కాని ఆ గుర్తు వస్తువు తయారైననాటి సంగతి చెప్పును. అయిదేండ్లు వంగి వంగి అరిగిన తీగ సంగతి చెప్పదు. పచ్చచీటీ ఒకనాటి సాక్ష్యమైనచో, ఐ.ఎస్.ఐ. గుర్తు అంతకు ముందటినాటి సాక్ష్యము. పైగా మూడు కాళ్ళ ప్లగ్గు రెండు రంధ్రముల సాకెట్టులో పట్టలేదని ఎర్తు కాలును విరుగగొట్టుట, ప్లగ్గే లేనిచో తీగ కొసలను రంధ్రములలో పెట్టి అగ్గిపుల్లలతో బిగించుట మన ఊళ్ళలో చూడనివారెవరు? ఎర్తు కాలు మిగిలినవానికంటె పొడుగుగా, లావుగా నుండుటకు కారణము కలదు. అది అన్నిటికంటె ముందు తగిలి, చివర విడిపోవలెను. పొరపాటున కరెంటు రంధ్రములో దూరకూడదు. విరుగగొట్టువానికి ఈ సంగతి ఎవరు చెప్పిరి?

ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. పై లెక్కలు చదివి, ప్రయోగశాలలోని సామాన్య మల్టీమీటరుతో ఎర్తు పరీక్ష చేయవచ్చునని తలపరాదు. దాని తీగల నిరోధమే 0.1 ఓముకు మించి యుండవచ్చును. తీగ పూర్తిగా తెగినదా లేదా యని మాత్రము, ప్లగ్గు సాకెట్టునుండి ఊడదీసిన పిదప, చూడవచ్చును. కొలత వలదు. కన్ను చేయగల పని మాత్రము ఏ మీటరు లేకయే చేయవచ్చును.

నేను ఉపాధ్యాయుడుగా నున్న ఒక పాఠశాలలో ప్రయోగశాల వేడిపలక తాకినప్పుడెల్ల చేతికి చిమచిమలాడుచుండెను. ఒక మరమ్మతు పనివానిని పిలిపించిరి. అతడు జేబులోని టెస్టరు తీసి సాకెట్టు రంధ్రములో పెట్టెను. దీపము వెలిగెను. 'కరెంటు బ్రహ్మాండముగా వచ్చుచున్నది సార్, ఏ దోషము లేదు' అని చెప్పి, కూలి తీసికొని పోయెను. టెస్టరు కరెంటు ఉన్నదని చెప్పును. ఎర్తు లేదని చెప్పదు. సాయంకాలము పిల్లలు వెళ్ళిన తరువాత నేను ప్లగ్గు ఊడదీసి తెరచి చూచితిని. పచ్చ తీగను ఎవరో చక్కగా కత్తిరించి, వెనుకకు మడచి, పై తొడుగు క్రింద దాచియుంచిరి. తీగ మూడవ మరవరకు అందలేదు కాబోలు, చిన్నదైనదని విడిచిపెట్టిరి. మిగిలిన రెండు తీగలను అంగుళమున్నర మేర కత్తిరించి, మూడింటిని సమానముగా చేసి బిగించుటకు పావుగంట పట్టినది. తరువాత ఆ పలక లోపలి ఇన్సులేషన్ ఎందుకు చెడినదో చూచుటకు దానిని విప్పవలసి వచ్చినది. అందులో తేమ పట్టి ఉప్పు పేరుకొని యుండెను.